అంతర్వేదికి బయల్దేరి రాజోలులో ఆగిపోయిన అంబాసిడర్

మా ఆఫీసులో పక్క సీటాయన కోనసీమ మనిషి. మధ్యాహ్నం క్యారేజీ విప్పాడంటే చాలు, అంతర్వేది కబుర్లు మొదలు. అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నిలబడితే ఒకవైపు గోదావరి, ఇంకోవైపు సముద్రం, రెండు నీళ్ళూ కలిసే చోటు కళ్ళారా కనిపిస్తుందట. ఆ 'అట'లు వినీ వినీ విసుగొచ్చి, ఇదేదో నేనే చూసొస్తానని 2006 మార్చిలో మూడు రోజులు సెలవు పెట్టి విశాఖపట్నం నుంచి ఒక్కదాన్నే బయల్దేరాను. ముందే చెప్పేస్తున్నాను, నేను ఆ గట్టు చూడలేదు. దారి తెలుసుకుందామని ఈ పేజీ తెరిచినవాళ్ళకి రాజోలు దాకా బాగానే చెప్పగలను. ఆపైది ఇంకెవరినైనా అడగండి.

రాజమండ్రిలో రైలు దిగి ఆర్టీసీ బస్సెక్కితే రావులపాలెం, కొత్తపేట మీదుగా రెండు గంటల్లో అమలాపురం. టికెట్టు ముప్పై రూపాయల లోపే. అమలాపురం నుంచి రాజోలుకీ, అక్కణ్ణించి అంతర్వేదికీ బస్సులున్నాయి. నేను మాత్రం ఎండకి భయపడి కారు మాట్లాడుకున్నాను. డీజిలుతో సహా రోజుకి తొమ్మిదొందలు. మర్నాడు పొద్దున్న ఏడింటికల్లా అమలాపురంలో నేను దిగిన లాడ్జి ముందు తెల్ల అంబాసిడరు నిలబడి ఉంది. డ్రైవరు సూరిబాబుకి ముప్పై అయిదేళ్ళుంటాయేమో, ఇద్దరు పిల్లలట. "రాత్రి నిద్ర పట్టిందాండీ? మా ఊరి దోమలు మర్యాద తెలిసినవేనండి, పాట పాడేకే కుడతాయి" అన్నాడు. పొద్దున్నే ఇలా నవ్వించే మనిషి దొరికాడంటే రోజు బాగుంటుందనుకున్నాను.

అంబాజీపేటలో కొబ్బరికాయల లారీలు రోడ్డుకి అడ్డం పడి అరగంట పైనే ఇరుక్కుపోయాం. నేను గడియారం చూసుకుంటూ సణుగుతుంటే, నా దృష్టి మళ్ళించడానికో ఏమో, సూరిబాబు బండి కథ చెప్పాడు. "ఇది మా అన్నయ్యదండి. మస్కట్‌లో లారీ తోలి, ఆ డబ్బుల్తో పాతబండి కొని, ఇంజను మొత్తం విప్పి మళ్ళీ తన చేతుల్తోనే బిగించుకున్నారు. రెండేళ్ళు నడిపేరండి. ఓ రోజు నిద్రలోనే పోయేరు. పిల్లల్లేరు. ఇప్పుడు నేను తోల్తున్నాను, వచ్చిందాంట్లో సగం వదినగారికండి." కాస్త ఆగి, "ఆవిడకి ఈ బండంటే మనిషితో సమానమండి. ఇంటి ముందు కాలవ గట్టు మీద దీని చప్పుడు వినపడితేనే పొయ్యి మీద ఎసరు పెట్టేవారు" అన్నాడు.

పి.గన్నవరం వంతెన దాటాక బానెట్ సందుల్లోంచి ఆవిరి రావడం మొదలైంది. సూరిబాబు ముఖం మారిపోయింది. "గొట్టం చిరిగినట్టుందండి. వదినగారి ఇల్లు ఇక్కడే, కాలవ గట్టు మీద. అక్కడ ఆపుదాం" అని నెమ్మదిగా పోనిచ్చాడు. రేకుల ఇంటి ముందు బండి ఆగీ ఆగకముందే నాగమణిగారు, అంటే ఆ వదినగారు, గుమ్మంలోకి వచ్చేశారు. బక్కపల్చని మనిషి, నలభై దాటి ఉంటాయి. నేనెవరో కూడా అడక్కుండా "ఎసరు పెట్టేసేనండి, భోంచేసే వెళ్ళాలి" అన్నారు. నాకు మనసులో ఆలస్యమైపోతోందన్న బాధే తప్ప ఆ ఆప్యాయత తలకెక్కలేదు.

సూరిబాబు గుడ్డ పట్టుకుని రేడియేటరు మూత కొద్దికొద్దిగా తిప్పి, ఆవిరంతా పోయాక తీసి పక్కన పెట్టాడు. గొట్టానికి కట్టు కట్టడానికి పాత ట్యూబు ముక్క కోసం పెరట్లోకి వెళ్ళాడు. అతనటు వెళ్ళగానే నాగమణిగారు పంపు దగ్గర బిందె నింపుకుని వచ్చి, మూత తీసిన రేడియేటర్లో పోసేశారు. "ఆయన రోజూ పొద్దున్నే ఇలా పోసేవారండి, నీళ్ళుండాలి దీనికి" అన్నారు నాతో. ఆయన పోసింది రాత్రంతా చల్లబడ్డ ఇంజనులోనని ఆవిడకి తెలియదు. నాకూ తెలియదు. పోస్తుండగానే లోపలెక్కడో టక్కుమంది. పెద్ద చప్పుడేమీ కాదు, గాజు గిన్నె నెర్రె విచ్చినంత.

ట్యూబు ముక్కతో పరుగెత్తుకొచ్చిన సూరిబాబు బిందె వంక చూసి ఉన్నచోటే నిలబడిపోయాడు.

"పోసేరా వదినగారూ?"

"పోసేను. ఎంత దాహంతో ఉందో పాపం, గటగటా తాగేసింది."

"ఆయ్" అన్నాడు. కోనసీమలో అవునన్నా సరేనన్నా అదే మాట. గొట్టానికి కట్టు కట్టి స్టార్టు చేశాడు. ఇంజను దగ్గుతూ తెల్లటి పొగ కక్కింది. పక్కనుంచి నీళ్ళు చెమటలా కారాయి. ఆపి, ఆయిలు చూసే కడ్డీ బయటికి లాగితే దానికి పాలు కలిపిన కాఫీ రంగు అంటుకుని ఉంది. నీళ్ళు ఆయిల్లోకి దిగిపోయాయన్నమాట. అతను కడ్డీని రెండుసార్లు తుడిచి, రెండుసార్లూ మళ్ళీ ముంచి చూశాడు.

అన్నం తిన్నామనిపించుకుని లేచాం. అటుగా వెళ్తున్న ఖాళీ లారీకి తాడు కట్టించి రాజోలు బయల్దేరాం. నేనూ వస్తానంటూ నాగమణిగారు ఇంటికి తాళం వేసి వెనక సీట్లో నా పక్కన కూర్చున్నారు. చప్పుడు లేని కారులో తాడు బిగుసుకున్నప్పుడల్లా కుదుపులు. సగం దారిలో నా చెవి దగ్గరకి వంగి, "నేను నీళ్ళు పొయ్యడం వల్లేనా అండీ?" అని అడిగారు. "నాకు కార్ల సంగతి తెలియదండీ" అన్నాను. ఆవిడ తల ఊపి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు.

రాజోలులో షెడ్డు మెకానిక్కు నూకరాజు, పెద్దవయసాయన. ఇంజను పక్క భాగం కిరసనాయిలుతో కడిగి గుడ్డతో తుడిచాడు. జానెడు పొడుగు బీట. అంచులు తుప్పు లేకుండా తళతళా మెరుస్తున్నాయి. కార్ల సంగతి తెలియని నాకే అది ఇవాళ్టి బీట అని తెలిసిపోయింది. "వేడి మీదుండగా చల్లనీళ్ళు ఎవరండీ..." అని నూకరాజు మొదలుపెట్టేసరికి సూరిబాబు అడ్డుపడ్డాడు. "పాత బీటేనండి. అన్నయ్య ఉన్నప్పటిదే. ఇవాళ తెరుచుకుంది." నూకరాజు తలెత్తి అతని వంకా, వెనకాల నిలబడ్డ నాగమణిగారి వంకా చూశాడు. "ఆయ్, పాతదేనండి" అని ఆ గుడ్డ బీట మీద కప్పేశాడు. ఇద్దరు మగవాళ్ళూ ముందే కూడబలుక్కున్నంత మర్యాదగా అబద్ధం ఆడారు.

"రెండు దార్లున్నాయండి" అన్నాడు నూకరాజు. "బీట పొడుగునా చిల్లులేసి, పక్కపక్కనే మరలు బిగించి కుట్టొచ్చు. అది నేనే చేత్తాను. చుట్టుపక్కల ఊళ్ళకి తిప్పుకోవచ్చు. దూరం కిరాయికెళ్తే మళ్ళీ తెరుచుకుంటాది. లేదంటే ఈ ఇంజను బ్లాకు తీసేసి, విజయవాడ నుంచి ఇంకో బండి బ్లాకు తెప్పించి వెయ్యాలి. ఖర్చు మూడింతలు, కాని నాలుగు కాలాలు నడుత్తుంది."

"మరి ఇది?" అన్నారు నాగమణిగారు.

"ఇది పాత ఇనుమేనండి. తూకానికి పోతుంది."

"కుట్టెయ్యండి" అన్నాడు సూరిబాబు వెంటనే. నేను ఊరుకోలేక, దూరం కిరాయిలు లేకపోతే ఎలా గడుస్తుంది, మార్చుకోవడమే మంచిది కదా అన్నాను. అతను నా వంక చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. ఇద్దరు పిల్లల తండ్రికి ఆ లెక్క నేను చెప్పాలా?

నాగమణిగారు ముందుకొచ్చి బీట మీద గుడ్డ తీశారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలితో తడిమి చూశారు.

"కుట్టేస్తే సూరిబాబు ఈవిణ్ణి అంతర్వేది తీసుకెళ్ళి మళ్ళీ అమలాపురంలో దింపగలడాండీ?"

"కష్టమండి."

"అన్నవరం?"

"లేదండి."

"అయితే మార్చెయ్యండి."

"వద్దు వదినగారూ" అన్నాడు సూరిబాబు. "అన్నయ్య చేతుల్తో బిగించిన ఇంజను ఇది."

"ఆ చేతులే లేవు కద సూరిబాబూ" అన్నారావిడ. "బండి కొన్నది కిరాయిలకి. గుర్తుకి ఇంట్లో పెట్టుకోడానిక్కాదు. నా గొలుసుంది, తాకట్టు పెడదాం. ఇంకోటి. పాత బీటని ఎందుకు చెప్పేవు?"

సూరిబాబు తల దించుకున్నాడు.

"నేను బాధపడతానని చెప్పేవు, నాకు తెలుసు. మరి ఆయన సంగతి? బీటున్న ఇంజనుతో మీ అన్నయ్య జనాన్ని ఎక్కించుకుని తిరిగేరా? పోతూ పోతూ నీకూ అదే అంటగట్టేరా? రేపు టాక్సీ స్టాండులో అందరూ అదే అంటారు. నేనే పగలగొట్టేను. అడిగినవాళ్ళకి అలాగే చెప్పు. ఆయన మీద పెట్టకు."

నూకరాజు లేచి, స్టూలు తుడిచి ఆవిడ దగ్గరికి జరిపాడు. ఆవిడ కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. సూరిబాబు పక్కనే నేల మీద కూలబడి, "అలాగే చెబుతాను వదినగారూ" అన్నాడు. నేనూ ఏడ్చాను. సిగ్గేమీ వెయ్యలేదు.

కిరాయి ఇవ్వబోతే సూరిబాబు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "చేర్చలేదు కదండీ" అన్నాడు. ఎంత బతిమాలినా తీసుకోలేదు. అంతర్వేది బస్సు ఎదురుగానే ఉంది, పొద్దు కూడా ఇంకా ఉంది. నాకు ఎక్కబుద్ధి కాలేదు. అమలాపురం బస్సెక్కి లాడ్జికి చేరి, మర్నాడు రాజమండ్రిలో తిరుగు రైలు పట్టుకున్నాను.

బాగుచెయ్యడమా, మార్చడమా అన్నది ఖర్చు చూసుకుని తేల్చే విషయమనే ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని. మా ఇంట్లో మిక్సీ నుంచి మోటారు దాకా అలాగే తేల్చాను. నాగమణిగారు ఇనుముని అంత తేలిగ్గా వదిలేసుకుని, పోయిన మనిషి మీద చిన్న మచ్చ కూడా పడనివ్వకపోవడం చూశాక, దేన్ని వదులుకోవచ్చో దేన్ని వదులుకోకూడదో నాకు సరిగ్గా తెలియదేమో అనిపిస్తోంది. భర్త చేసినట్టే చెయ్యబోయి ఆయన ఇంజనునే పగలగొట్టుకున్న ఆ బాధని ఆవిడ ఒక్కతే ఎలా మోస్తున్నారో, తలుచుకుంటే ఇప్పటికీ దిగులేస్తుంది.

ఎండల్లో అటు వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. ఇంజను వేడెక్కితే బండి ఆపి, చెయ్యి పెట్టి చూడగలిగేంతగా చల్లారాకే నీళ్ళు పొయ్యండి. అక్కడి మనుషులు మీరు అడక్కుండానే సాయానికి వచ్చేస్తారు. ఎవరైనా బిందెతో పరుగెత్తుకొస్తే, ముందు దాన్ని వాళ్ళ చేతుల్లోంచి మీరు అందుకోండి.