బ్యాగుతో బయటికి వెళ్ళాలంటే

నేను బడి మానేసిన రోజు మా హెడ్మాస్టరు స్టాఫ్‌రూములో మిఠాయి పంచాడని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. పచ్చి అబద్ధం. పంచింది పకోడీలు. నాకు బాగా తెలుసు, హోటలు నుంచి పొట్లం కట్టించుకొచ్చింది నేనే.

అలా తొమ్మిదిలో వదిలేసిన చదువుని మళ్ళీ ఎందుకు పట్టుకున్నానంటే, సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో కూర్చుని కూర్చుని, ఫోన్ల కంటే మనుషులే నయం, కనీసం ఎక్కడ నొప్పో చెప్తారు అనిపించింది. ఓపెన్ స్కూల్లో పది, ఇంటరు గట్టెక్కి, నర్సింగ్ డిప్లొమా చేసి, కౌన్సిల్లో పేరెక్కి, నా ఫొటో ఉన్న కార్డు చేతికొచ్చేసరికి నాతో చదువుకున్నవాళ్ళ పిల్లలు బళ్ళో చేరిపోయారు. ఆ ఫొటోలో నేను దొరికిపోయిన దొంగలా ఉంటాను. ఆ మొహమే పట్టుకుని ఢిల్లీ వచ్చాను.

జియా సరాయ్‌లో మా ఊరి కుర్రాళ్ళు సివిల్స్‌కి చదువుకుంటున్న గదిలో ఓ మూల ఇచ్చారు. వాళ్ళంతా దేశాన్ని నడపడానికి తయారవుతున్నారు, నేను అదే దేశానికి సూది పొడిచే అవకాశం కోసం తిరుగుతున్నాను. ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఒకటే ప్రశ్న, "ఫ్రెషరా?" కూరగాయల బండి దగ్గర ఫ్రెష్ అంటే మెప్పు. నర్సు దగ్గరికొచ్చేసరికి తిట్టు.

చివరికి ఇళ్ళకి నర్సుల్ని పంపే ఏజెన్సీ వాడొకడు దొరికాడు. గురుగ్రామ్‌లో తెలుగువాళ్ళిల్లు, పెద్దాయనకి తెలుగు తప్ప వేరే భాషలో నర్సు నచ్చడం లేదట. "నీకోసమే పుట్టిన డ్యూటీ భయ్యా," అన్నాడు. తీరా వెళ్తే ఆ పెద్దాయన ఏ భాషలోనూ మాట్లాడలేని స్థితిలో ఉన్నాడు. న్యుమోనియా వచ్చి చాలారోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడట. గొంతు ముందువైపు చిన్న చిల్లు పెట్టి గొట్టం అమర్చారు. ఊపిరి ముక్కుతో కాదు, ఆ గొట్టంతోనే. గాలి పైనున్న స్వరపేటిక దాకా రాదు కాబట్టి మాట లేదు. ఎక్కడ నొప్పో చెప్పే మనుషుల కోసం ఫోన్లు వదిలేసి వచ్చిన నాకు మొదటి పేషెంటు ఈయన.

ఆ గొట్టంలో కఫం అడ్డుపడుతూ ఉంటుంది. మిషను పెట్టి, సన్నటి ట్యూబు లోపలికి పంపి లాగేయాలి. లాగకపోతే మనిషి ఆగిపోతాడు, అంతే. అందుకని మా పనిలో ఒక నియమం ఉంది. మన తరవాత డ్యూటీవాడు వచ్చి, పేషెంటుని చూసి, మన ముందే ఒకసారి గొట్టం శుభ్రం చేసి, "సరే, ఇక నాది" అనేదాకా మనం గది దాటకూడదు. చదువుకునేటప్పుడు ఈ నియమం చాలా బాగుంటుంది. తరవాతి డ్యూటీవాడు రాని ఇంట్లో మాత్రం ఇది తాళం.

నా తరవాతివాడు వచ్చేవాడు కాదు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, "రాస్తే మే హై భయ్యా." దారిలో ఉన్నాడు. రాత్రంతా దారిలో ఉన్నాడు, మర్నాడూ దారిలోనే ఉన్నాడు. మనదేశంలో ఇంత పొడుగు రోడ్డుందని నాకు తెలీదు. నా డ్యూటీ పగలు మాత్రమే అని రాసుకున్న మాట పోయి, హాల్లో సోఫా పక్కన నా చాప పరుచుకుంది. పంతొమ్మిదో అంతస్తు. కిటికీ అరచెయ్యి పట్టేంత తెరుచుకుని ఆగిపోతుంది. కింద రోడ్డు మీద ఆఫీసు క్యాబులు చీమల్లా పోతుంటే, అందులో ప్రతి చీమ మీదా నాకు అసూయ. బట్టలు చాలక పెద్దాయన కొడుకు టీషర్టు వేసుకునేవాణ్ణి. దాని మీద పరుగు పందెం పూర్తి చేసినవాళ్ళకిచ్చే బొమ్మ ఉండేది. వంటింటి నుంచి మంచం దాకా పరిగెత్తేవాణ్ణి, దానికి సరిపోయింది.

పెద్దాయన్ని బాబాయ్ గారూ అని పిలిచేవాణ్ణి. ఆయనకి జోకులు చెప్పేవాణ్ణి. లేచిపోలేడు, నోర్ముయ్యి అనలేడు, ఇంతకంటే మంచి శ్రోత ఎవరికి దొరుకుతాడు? ఆయన మంచం కమ్మీని ఉంగరంతో టక్కుమనిపిస్తే గొట్టం చూడమని అర్థం. ఒక్కోసారి జోకు సగంలో టక్కుమనిపించేవాడు. చూస్తే గొట్టం శుభ్రంగానే ఉండేది.

అలా ఉండగా నోయిడాలో ఒక ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. వార్డు నర్సు ఉద్యోగం, మర్నాడు పొద్దున్నే ఇంటర్వ్యూ, ఫ్రెషర్లయినా ఫర్వాలేదట. ఆ మాట విని ఫోన్ని ముద్దు పెట్టుకున్నాను. వార్డు అంటే పక్కన ఇంకో నర్సు ఉంటుంది. డ్యూటీ అయితే ఇంటికెళ్ళొచ్చు. అదొక్కటి నాకు చాలు. ఈసారి తప్పిపోతే, మళ్ళీ ఫ్రెషర్ని పిలిచే ఆసుపత్రి ఎప్పుడు దొరుకుతుందో దేవుడికే తెలియాలి. ఏజెన్సీవాణ్ణి బతిమాలి, బెదిరించి, మనిషిని పంపుతానని ఒట్టు వేయించుకున్నాను.

పొద్దున్నే స్నానం చేసి, సొంత చొక్కా వేసుకుని కూర్చున్నాను. మనిషి దారిలో ఉన్నాడు.

పెద్దాయన కొడుకు ఆఫీసు పనిమీద ఊళ్ళో లేడు. కోడలు గారు నా తిప్పలు చూసింది. హైదరాబాదమ్మాయి. ఫోను చేతిలో లేకుండా నేనెప్పుడూ చూడలేదు, పళ్ళు తోముకుంటూ కూడా ఆఫీసువాళ్ళకి హలో చెప్పేది.

"అన్నా, మీరు పోయిరండి. నేను చూసుకుంట."

"మీకు ఆఫీసుంది కదండీ?"

"ఇంట్ల నుంచే చేస్త. కెమెరా బంద్ పెట్టుకుంట. మీరు నేర్పించిన్రు కదా మిషన్."

నేర్పిన మాట నిజమే. నా ముందు చేసింది కూడా, బాగానే చేసింది. గొట్టం లోపల ఇంకో సన్న గొట్టం ఉంటుందనీ, కఫం మిషనుకి లొంగకపోతే ఆ లోపలిదాన్ని తిప్పి బయటికి లాగేయాలనీ మళ్ళీ చెప్పాను. తలూపింది. మంచం మీంచి బాబాయ్ గారు కూడా చెయ్యెత్తి తలుపు వైపు ఊపాడు, వెళ్ళవయ్యా అన్నట్టు.

"చూశారా, నన్ను తరిమేయాలంటే మీకెంత హుషారో," అని ఆయన కాళ్ళ మీద దుప్పటి సర్ది, బ్యాగు తగిలించుకుని దిగాను.

గేటు దగ్గర గార్డు ఆపాడు. "బ్యాగ్ హై. మేడమ్ కా ఓకే చాహియే."

ఆ అపార్టుమెంట్ల సొసైటీలో పనివాళ్ళెవరైనా బ్యాగుతో బయటికి వెళ్ళాలంటే ఇంటివాళ్ళ ఫోనుకి కబురు వెళ్తుంది. వాళ్ళు ఓకే నొక్కాలి. గార్డు పంపాడు. జవాబు లేదు. మళ్ళీ పంపాడు.

"భయ్యా, పంతొమ్మిదో అంతస్తు నుంచి నేనేం ఎత్తుకుపోతాను, వాళ్ళ బాల్కనీనా?" అని నా హిందీలో అడిగాను.

"రూల్ హై," అన్నాడు.

బ్యాగు విప్పి చూపించాను. సర్టిఫికెట్లు, ఒక జత బట్టలు, సగం తిన్న బిస్కట్ పాకెట్. బిస్కట్ల వైపు అనుమానంగా చూశాడు. బ్యాగు నీ దగ్గరే ఉంచుకో, కాగితాలు మాత్రం పట్టుకెళ్తా అంటే, కాగితాలు ఎవరివో నాకేం తెలుసు అన్నాడు. మెట్రో వైపు వెళ్ళే ఆటోలు ఒక్కొక్కటీ గేటు ముందు నుంచి వెళ్ళిపోతున్నాయి. నేనే ఆవిడకి ఫోన్ చేశాను. మోగింది, మోగి ఆగింది. గార్డునీ, ఆ రూలు పెట్టినవాణ్ణీ, ఫోన్లు కనిపెట్టినవాణ్ణీ వరసగా తిట్టుకుంటూ మళ్ళీ చేశాను. మళ్ళీ మోగి ఆగింది.

అప్పుడు తట్టింది. ఆవిడ ఫోను ఎత్తకపోవడమేమిటి? ఆ ఫోను ఆవిడ చేతిలోంచి దిగాలంటే రెండు చేతులూ ఇంకోపనిలో ఉండాలి.

బ్యాగు గార్డు కాళ్ళ దగ్గర పడేసి పరిగెత్తాను. పనివాళ్ళ లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగింది. ఒక చోట చెత్త డబ్బా ఎక్కింది, ఇంకో చోట దిగింది. ఆ లిఫ్టులో నా నోట్లో ఒక్క జోకు లేదు. తలుపుకి నంబరు తాళం. నా వేళ్ళు ఒకసారి తప్పు నొక్కాయి.

లోపల మిషను గర్రుమంటోంది. ఆవిడ ఏడుస్తూ ట్యూబుని గొట్టంలోకి తోస్తోంది, అది దిగడం లేదు. బాబాయ్ గారి పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. కళ్ళు పైకప్పు మీద. నేను ఆవిడ చెయ్యి పక్కకి తోసి, లోపలి గొట్టాన్ని తిప్పి లాగేశాను. గట్టిపడిన కఫం ముక్క దాంతోపాటు వచ్చింది. ఈల వేసినట్టు ఊపిరి లోపలికి పోయింది. దగ్గాడు. ఆ దగ్గు నా మొహమంతా పడింది. సొంత చొక్కా మీద కూడా.

కాసేపటికి ఆయన రంగు తిరిగొచ్చింది. ఆవిడ నేలమీద కూలబడి, "మీరు చెప్పింది అంతా మర్చిపోయిన అన్నా," అంది. అప్పుడే మంచం కింద ఆవిడ ఫోను మోగింది. గార్డు మళ్ళీ పంపాడు, బ్యాగుతో మనిషి వెళ్ళొచ్చా అని. ఆవిడ ఫోను తీసుకుని, నా వైపు చూసి, వద్దనే ఎర్ర బటన్ నొక్కేసింది. బడి మానేటప్పుడు కూడా నన్నెవరూ ఇంత గట్టిగా ఆపలేదు.

నోయిడాకి ఫోన్ చేశాను. ఇంటర్వ్యూలు అయిపోయాయి, పోస్టులు నిండాయి అన్నారు. ఏజెన్సీ మనిషి మధ్యాహ్నం భోజనం వేళకి వచ్చాడు. ఆవిడ అతన్ని గుమ్మం దాటనివ్వలేదు. "అన్న తప్ప ఎవ్వరొద్దు మాకు," అంది. ఏజెన్సీవాడు నాకు ఫోన్ చేసి, పేరు బాగా సంపాదించావు భయ్యా, ఇక నిన్ను కదపను అన్నాడు. సంతోషంగానే అన్నాడు. నేను కిటికీ దగ్గరికెళ్ళి, అది తెరుచుకునేంత మేరా తెరిచి, సందులో ముక్కు పెట్టి నించున్నాను. కింద క్యాబులు పోతూనే ఉన్నాయి. మళ్ళీ నోయిడా పిలవలేదు, ఇంకెవరూ పిలవలేదు. టీషర్టు మళ్ళీ వేసుకున్నాను.

ఎండలు ముదిరాక ఆసుపత్రిలో బాబాయ్ గారి గొట్టం తీసేశారు. చిల్లు మూసుకునేదాకా పైన దూది కట్టు వేశారు, మాట్లాడాలంటే దాన్ని వేలితో నొక్కిపట్టాలి. కోడలు గారు డాక్టరు దగ్గరికి వెళ్తే, మేమిద్దరమే గదిలో మిగిలాం.

"బాబాయ్ గారూ, మీ మూలంగా నా నోయిడా ఉద్యోగం పోయిందండి. ఇన్నాళ్ళకి నోరొచ్చింది కదా, నాకేమీ చెప్పరా?" అన్నాను.

ఆయన కట్టు మీద వేలు పెట్టి, గొంతు సవరించుకుని, బొంగురు గొంతుతో నిదానంగా అన్నాడు.

"నువ్వెళ్ళుంటే నేను చచ్చుండేవాణ్ణి. వెళ్ళలేదు, నీ జోకులన్నీ విన్నాను. రెండిట్లో ఏది నయమో ఇంకా తేల్చుకోలేదయ్యా."