పైన ఇంకా ఉన్నాడండి

మా ఎదురు ఫ్లాటు టీచరుగారు రోజూ పొద్దుగూకగానే లిఫ్టెక్కి ఐదంతస్తుల పైనున్న డాబాకు వెళ్ళేవారు. కిందికొచ్చాక, ఎవరూ అడగకపోయినా, "పైన ఇంకా ఉన్నాడండి" అనేవారు. సూర్యుడి గురించి.

ఈ అలవాటుకు విత్తనం వేసింది నేనే. లిఫ్టులో మౌనం భరించలేక వింతలు చెబుతుంటాను. ఈఫిల్ టవర్ వేసవిలో ఇంచుమించు జానెడు పెరుగుతుందంటే, "మా పిల్లలూ అంతేనండి, సెలవుల్లోనే పెరుగుతారు" అని నవ్వారు. బుర్జ్ ఖలీఫాలో కిందివాళ్ళకు పొద్దుగూకినా పైవాళ్ళకు సూర్యుడు కనబడుతూనే ఉంటాడనీ, అందుకే రంజాన్‌లో వాళ్ళు రెండు మూడు నిమిషాలు ఆగి ఉపవాసం విడుస్తారనీ చెబితే మాత్రం నవ్వలేదు.

"మా నాన్నగారు పోయినప్పుడు నా రైలు నిడదవోలులో ఆగిపోయిందండి. పొద్దుగూకిపోతోందని నేను రాకుండానే ఎత్తేశారు. ఎవరైనా ఓసారి డాబా ఎక్కి చూడాల్సిందండి."

మొన్న ఆవిడ పోయారు. పిఠాపురం నుంచి బయల్దేరిన చెల్లెలు ఇంకా దారిలోనే ఉంది. "పొద్దుగూకితే దహనం కుదరదు, ఇక ఎత్తండి" అని పంతులుగారు తొందరపెట్టారు.

నేను లిఫ్టెక్కి డాబా మీదికి వెళ్ళాను. కొబ్బరితోటల అవతల ఎర్రదనం కూడా మిగల్లేదు. పిట్టగోడ మీంచి వంగి, "పైన ఇంకా ఉన్నాడండి" అని కేకేశాను.

పంతులుగారు తలెత్తి నా వంక చూసి, పాడె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చెల్లెలి కారు వచ్చేదాకా ఆయన మళ్ళీ తలెత్తి ఆకాశం చూడలేదు.