కాయలకిచ్చిన నీడ

నా చిన్నప్పుడు మా వైపు ఎండాకాలంలో నీడ ముందు టమాటాలకు దక్కేది, మిగిలితే మనుషులకు. అది తప్పని ఎవరికీ తోచేది కాదు. పుంగనూరు దగ్గర మా ఊళ్ళో కోత రోజున, తోటగట్టు మీదున్న ఒకే ఒక్క కానుగ చెట్టు కింద కాయల గంపలు పేర్చి, వాటి మీద తడిపిన గోనెపట్టాలు కప్పేవాళ్ళం. మదనపల్లె మార్కెట్టుకు చేరేలోగా కాయ మెత్తబడకూడదు. కోసేవాళ్ళం మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా నెత్తిన గుడ్డ వేసుకుని సాళ్ళలోనే ఉండేవాళ్ళం.

ఆ రోజు పక్కింటి అక్క నా పక్క సాలులోనే కోస్తోంది. పొద్దున్నుంచి ధారగా కారిన చెమట ఉన్నట్టుండి ఆగిపోయింది. అక్కకు ఎండ అలవాటైపోయిందని నేను సంబరపడ్డాను. కాసేపటికి పొంతన లేని మాటలు మొదలుపెట్టి, అలాగే మొక్కల మీద పడిపోయింది. ముట్టుకుంటే ఒళ్ళు పొయ్యి మీది పెనంలా కాలుతోంది.

అందరూ చుట్టూ మూగారు. గాలి సోకిందని ఒకరు, పొద్దున ఏమీ తినలేదేమోనని ఒకరు. తోట ఆసామి మాత్రం గట్టు దిగకుండానే, పనికి ఒళ్ళొంగక పడుకుందన్నాడు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

మాతోపాటే కోతకొచ్చిన మా పెద్దమ్మ అతనితో వాదన పెట్టుకోలేదు. చెట్టు కిందికి పోయి గంపలన్నీ ఎండలోకి లాగేసింది. అక్కను మోయించి అక్కడ పడుకోబెట్టి, కాయల మీది తడిపట్టాలు తెచ్చి ఒంటి మీద కప్పి, పైన నీళ్ళు పోసి, నన్ను విసరమంది. ఎవరో నోట్లో నీళ్ళు పోయబోతే చెయ్యి పట్టి ఆపింది. స్పృహ లేని మనిషికి అవి ఊపిరికి అడ్డం పడతాయట.

అప్పుడే మా కూలివాళ్ళలో ఇద్దరు పరుగెత్తారు. అక్క దగ్గరికి కాదు, ఎండలో పడ్డ గంపల దగ్గరికి. వాటిని మళ్ళీ నీడలోకి తోస్తూ, అడ్డమని అక్క కాళ్ళు పక్కకు జరిపారు. ఆసామి మాట కన్నా అదే నాకు ఎక్కువ రోత పుట్టించింది. మాలాంటివాళ్ళే కదా వాళ్ళు.

వాళ్ళు తోస్తున్న గంపను పెద్దమ్మ కాలితో తన్నింది.

"కాయ సెడిపోతే రేపు ఇంగోటి కోసుకోవచ్చప్పా. ఈ బిడ్డ పోతే యాడ్నుంచి తెస్తారు?"

 కాయల కోసం వచ్చిన లారీలోనే పెద్దమ్మ అక్కను ఆస్పత్రికి తీసుకుపోయింది.

మొన్న వేసవిలో మదనపల్లె మార్కెట్టుకు పోయాను. షెడ్డు నిండా టమాటా క్రేట్లు, ఎండలో హమాలీలు. వడదెబ్బ తగలకుండా నీళ్ళు తాగమని ఫ్లెక్సీ కట్టారు, దాని నిండా చేతులు జోడించిన పెద్దమనుషుల ముఖాలే. కింద చలివేంద్రం కుండలో చుక్క నీళ్ళు లేవు, ఎవరో ఉమ్మిన వక్కాకు ఉంది. ఛీ అనిపించింది. షెడ్డులోకి పోయి చేతనైనన్ని క్రేట్లు బయటికి లాగి, హమాలీలను లోపల కూర్చోమన్నాను. కాయ సెడతాదని గుమాస్తా కసురుకున్నాడు. సెడనీలేప్పా అన్నాను.

ఎక్కడికి పోయినా ముందు నీడలో ఎవరున్నారో చూస్తాను. పక్కింటి అక్క ఇప్పుడు కుప్పంలో కూతురి దగ్గర ఉంటోంది. ఆ పూట ఎన్ని గంపల కాయలు చెడిపోయాయో మా ఇద్దరికీ గుర్తు లేదు.