గొడుగు కింద పీకిన పన్ను

దయ్యాలంటే నవ్వేవాణ్ణి. ఇప్పుడూ నవ్వుతాను గానీ, నోరు పూర్తిగా తెరవను. ఎందుకో చెబుతాను.

డెబ్బైలనాటి మాట. మాది లాల్‌దర్వాజా. నేను పన్నుల ఆఫీసులో గుమాస్తాని. ఒకసారి మా బావమరిది సత్తయ్య, ఫుట్‌పాత్ మీద గొడుగు వేసుక్కూర్చుని పళ్లు పీకే పళ్లాయన దగ్గర పన్ను పీకించుకొచ్చాడు. గల్లీ అంతా వినేలా అన్నాను: “పన్నుతోటి బుద్ధి గూడ పీకిచ్చుకున్నవా ఏందిర?”

“నీకు నొస్తే తెలుస్తది బావా,” అన్నాడు చెంప పట్టుకుని.

ఏడాది తిరక్కుండానే నాకూ తెలిసింది. ఆస్పత్రికి పోతే చిగుళ్లకు సూది వేస్తారని భయం. ఎవరూ ఎరగరని యాకుత్‌పురా దాకా పోయి, అలాంటి గొడుగు కిందే నోరు తెరిచాను. పేరు కూడా చెప్పలేదు.

కొన్ని వారాలకు జ్వరం పట్టుకుంది. సాయంత్రం చలి, తెల్లారేసరికి చెమట. టైఫాయిడ్ అన్నారు. మందు పనిచేయలేదు. ఆస్పత్రిలో చేర్చారు. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి నా గుండె కవాటం ముందే దెబ్బతిని ఉంది. అందుకే డాక్టరమ్మ రోజూ అడిగేది, ఈమధ్య పుండు గానీ గడ్డ గానీ లేచిందా, పన్ను తీయించుకున్నారా అని. పక్కన నా భార్య, సత్తయ్య. లేదనేవాణ్ణి. ఊరి పన్నుల లెక్క రాసేవాణ్ణి, నా ఒక్క పన్ను లెక్క చెప్పలేకపోయాను. లేని పన్ను సంగతి పంటి బిగువున దాచాను. గోళ్ల కింద ఎర్రగీతలు లేచాయి. మంచం దిగితే ఆయాసం.

ఒక ఉదయం డాక్టరమ్మ వాళ్లిద్దరినీ బయటికి పంపి మళ్లీ అడిగింది. అప్పటికీ లేదనే అన్నాను.

“నోరు తెరవండి.”

టార్చి వేసి చూసింది. కుడిపక్క కింది దవడలో గుంట ఇంకా పూడలేదు.

“మీ అమ్మ చెప్పింది నిజమే,” అంది.

ఒక పెద్దావిడ తనను వరండాలో ఆపి అంతా చెప్పిందట. ఏ పక్క పన్నో, గొడుగు కింద ఎలా పీకించుకున్నానో. “అందరి ముంగట అడగకు బిడ్డా, వానికి సిగ్గెక్కువ,” అందట. కొంగు అంచు పళ్ల మధ్య పట్టుకుని మాట్లాడిందట. ఎడమచేతి మీద తేలు పచ్చబొట్టు.

మా అమ్మ నేను బడిలో ఉండగానే చనిపోయింది. కొంగు అలాగే పట్టుకునేది. తేలు ఎడమచేతి మీదే. నా భార్య కూడా అమ్మను ఏనాడూ చూసి ఎరగదు.

టైఫాయిడ్ మందు ఆపి, రక్తం తీసి సీసాల్లో పెంచి చూశారు. నోట్లో ఉండే క్రిములే రక్తంలో పడి గుండెలో కాపురం పెట్టాయట. ఆ పరీక్షను కల్చర్ అంటారు. నా రక్తంలో కల్చర్ ఉందని అలా రుజువైంది. వారాల తరబడి పెన్సిలిన్ సూదులు పొడిచారు. ఒక్క సూదికి పారిపోయినవాణ్ణి, అన్ని సూదులే బతికించాయి.

వరండా ఆయాలను అడిగాను. అలాంటి మనిషిని చూడలేదన్నారు. పళ్లాయన చెప్పాడనుకుందామంటే, నేనెవరో అతనికి తెలియదు.

భయం వేయలేదు, సిగ్గేసింది. నా ప్రాణంతోపాటు పరువు కూడా కాపాడాలని వచ్చిన మనిషి ముందు, అప్పటికీ అబద్ధమే ఆడాను. ఇంట్లో గుండెజబ్బని చెప్పాను, పన్ను ఊసెత్తలేదు.

ఇది చదివి సత్తయ్య రేపు పొద్దున్నే వస్తాడు. నోరు తెరిచి చూపిస్తాను. వరండాలో నిలబడ్డదెవరని అడిగితే మాత్రం, చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.