బసప్ప వేళ్ల జబ్బు

ఈ మధ్య ఎవరిని కలిసినా ముందు చెయ్యి చాస్తున్నారు. పెళ్లికి వెళితే మగపెళ్లివారు చాస్తారు, పరామర్శకు వెళితే పోయినవారి అల్లుడు చాస్తాడు. రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టుకుంటే ఎవరి చెయ్యి వారి దగ్గరే ఉంటుంది, ఎవరి చెమట వారికే దక్కుతుంది. అంత చక్కని ఏర్పాటు ఉండగా ఈ పట్టుకోవడాలు, ఊపడాలు ఎందుకో నాకు అర్థం కాదు. కొందరైతే పట్టిన చెయ్యి వదలకుండా మేనల్లుడి ఉద్యోగం సంగతి మొదటినుంచి చివరిదాకా చెబుతారు.

నేను మాత్రం చెయ్యి ఇవ్వను. గర్వమని కొందరూ, మడి అని కొందరూ అంటారు. అసలు సంగతి భయం. ఒకప్పుడు ఆదోనిలో ఒక మనిషి చెయ్యి శ్రద్ధగా పట్టుకుని, అతని వ్యాపారాన్ని దాదాపు ముంచేశాను. అంత శ్రద్ధ లేకపోతే ఇంత నష్టం జరిగేది కాదు. ఆ ఘనకార్యం ఇప్పుడు చెబుతాను. కుర్చీ గట్టిగా పట్టుకుని కూర్చోండి.

అప్పట్లో ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. యుద్ధం రోజులు. మద్రాసులో వైద్యం చదువుకుని వచ్చి పత్తి మండీకి ఎదురుగా దవాఖానా తెరిచాను. మాది కర్నూలు, మా నాయన బడిపంతులు. పత్తిని నేను పరుపులో తప్ప మరెక్కడా చూసినవాణ్ణి కాను.

మా కాలేజీలో గురువులు మామూలు జ్వరం వచ్చినవాడి వైపు తలైనా తిప్పేవారు కాదు. దేశంలో ఏ కొద్దిమందికో వచ్చే జబ్బు దొరికిందంటే మాత్రం, ఆ రోగి మంచం చుట్టూ తిరునాళ్లే. అందుచేత నేను అక్కడ నేర్చుకుని వచ్చిన ముఖ్య విషయం ఏమిటంటే, మామూలు జబ్బు రోగికి నామర్దా, డాక్టరుకు కాలహరణం. ఆదోని ప్రజలు ఈ విషయంలో నాకు ఏమాత్రం సహకరించలేదు. మలేరియా తెచ్చారు, గజ్జి తెచ్చారు, నారికురుపులు బండ్లకొద్దీ తెచ్చారు. పుస్తకం చివరి పేజీల్లో ఉండే జబ్బును ఒక్కడంటే ఒక్కడు తెచ్చినవాడు లేడు. ఒక అపూర్వమైన కేసు దొరికితే వైద్య పత్రికకు రాసి, ఆ జబ్బుకు నా పేరు పెట్టించుకోవాలని కాచుకుని కూర్చున్నాను.

అప్పుడు బసప్ప వచ్చాడు.

బసప్ప పత్తి దళారి. రైతుకూ కొనేవాడికీ మధ్య బేరం కుదిర్చే మనిషి. ఎర్ర తలపాగా, బొర్ర మీసాలు, ముందు తాను వచ్చి తరువాత మనిషిని తీసుకువచ్చే పొట్ట. ఆ పొట్ట పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"కడుపులో మంటప్పా. నిప్పులు పోసినట్ల ఉండాది."

"ఏం తింటారు?"

"అందురూ తినేదే తింటా. రొట్టె, ఎర్రకారం."

"రొట్టెలోకి కారమా?"

"కారంలోకి రొట్టె."

మామూలు కడుపుమంట. నా ఉత్సాహం చల్లారిపోయింది. "మూడు వారాలు కారం మానాలి. మజ్జిగన్నం తినాలి" అన్నాను.

"మూడా!" అన్నాడు బసప్ప, ఉరిశిక్ష విన్నట్టు. వరండాలో కూర్చున్న వాళ్ల వంక ఒకసారి చూశాడు.

నేను అతని చెయ్యి అందుకుని మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించాను. నాడి చూసే పద్ధతి అదే. బసప్ప వెంటనే భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీదా కప్పాడు. చలివేస్తోంది కాబోలు అనుకున్నాను. ఆదోనిలో, నడివేసవిలో, మధ్యాహ్నం పూట. ఇలా అనుకోవాలంటే మనిషి బాగా చదువుకుని ఉండాలి.

ఇంతలో తువ్వాలు కింద కదలిక మొదలైంది. బసప్ప వేళ్లు పాకుతూ వచ్చి నా మూడో వేలిని మడిచేశాయి. నేను మళ్లీ ఆనించాను. అవి మళ్లీ వచ్చి ఈసారి రెండు వేళ్లను మడిచి, మిగిలిన ఒక్కదాన్ని గట్టిగా నొక్కాయి. నేను మూడూ తెచ్చి ఇంకా గట్టిగా అదిమాను. అవతల విదిలింపు, నొక్కుడు, గిల్లుడు. ఇంత జరుగుతున్నా అతని ముఖంలో ఉలుకూ లేదు, పలుకూ లేదు. కిటికీ బయట నిలబడ్డ గాడిదను ప్రశాంతంగా చూస్తున్నాడు. నేను ఆశ్చర్యంతో చెయ్యి సడలించగానే, ఆ ఒక్క వేలినీ పిండి వదిలి, "సరేప్పా, అట్లనే కానీ" అని సంతోషంగా లేచి వెళ్లిపోయాడు.

మనిషి ప్రమేయం లేకుండా వేళ్లు వాటంతట అవే కదలడం! నరాల జబ్బుల పుస్తకం దించి దుమ్ము దులిపాను. దగ్గర దగ్గర పోలికలు ఉన్నాయి గాని, గుడ్డ కప్పితేనే వచ్చే జబ్బు, తీస్తే పోయే జబ్బు, ఇంకొకరి చెయ్యి తగిలితేనే లేచే జబ్బు అందులో లేదు. పుస్తకంలో లేదంటే ఇక నాదే.

వారం గడిచాక బసప్ప మళ్లీ పొట్ట పట్టుకుని వచ్చాడు.

"కారం తిన్నారా?"

"తింటి. మాట ప్రకారమే తింటి."

ఏ మాట ప్రకారం అని నేను అడగలేదు. జ్ఞాపకశక్తి కూడా దెబ్బతింటోందని నిర్ణయించుకుని, అడగవలసిన గొప్ప ప్రశ్నలు అడిగాను.

"ఈ వేళ్లు ఇలా ఆడడం ఎప్పటినుంచి?"

"మా నాయిన కాలం నుంచీ ఇంతే. ఆయనవి ఇంకా బాగా ఆడేటివి."

"ఓహో! మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా చిన్నాయనకుండాది. మా పెద్దోడికి ఇప్పుడిప్పుడే వస్తాండాది. వాడిది ఇంకా పచ్చి చెయ్యి."

వంశపారంపర్యం! కుర్చీలో కూర్చోలేక లేచి నిలబడ్డాను. ఎమ్మిగనూరులో ప్రాక్టీసు చేసే పెద్ద డాక్టరు వెంకోబరావుగారికి, వచ్చి ఈ వింత కళ్లారా చూడమని ఆ పూటే కబురు పెట్టాను.

రోగి రహస్యం ప్రాణం పోయినా బయటపెట్టకూడదని మాకు చదువులో నేర్పారు. నేను అక్షరాలా పాటించాను. సాయంత్రం కాఫీ హోటల్లో ఒక ప్లీడరు మిత్రుడికి ఈ కేసు వర్ణిస్తూ, పేరు మాత్రం చచ్చినా చెప్పలేదు. పత్తి దళారి, ఎర్ర తలపాగా, బొర్ర మీసాలు, పెద్ద పొట్ట అని మాత్రమే చెప్పాను.

వెంకోబరావుగారు బొగ్గు బస్సులో దిగారు. పెట్రోలు కరువు రోజులు కదా, ఆ బస్సు ఎక్కినవాళ్లు మసి పూసుకుని దిగేవారు. ఆయన ముఖం కడుక్కుంటూ ఉండగానే బసప్ప తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏం జేసినావప్పా నన్ను? నీకేం అపకారం జేసినా? మండీలో ఒక్కడూ నాకు చెయ్యియ్యడే! పత్తి వచ్చేది ఈ నాలుగు దినాలే. ఇప్పుడు ఊరికే కూసుంటే ఏడాదంతా నా పిల్లోళ్లు ఏం తినాల? మన్నా?"

"చూశారా సార్, ఆవేశం కూడా ఉంది" అన్నాను నేను వెంకోబరావుగారితో, మెల్లగా, గర్వంగా.

ఆయన నా మాట విననట్టు, "ఏం పని చేస్తావు నాయనా?" అని బసప్పను అడిగారు.

"పత్తి దళారీ సామీ."

వెంకోబరావుగారు తుడుచుకుంటున్న తువ్వాలు ఆపి నా వంక తిరిగారు. "మొదటి రోజు ఇతనికి ఏం చెప్పినావు?"

"మూడు వారాలు కారం మానమన్నాను."

"తరువాత?"

"నాడి చూశాను."

"ఎన్ని వేళ్లతో?"

"మూడు."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. తరువాత బసప్ప ఎదురుగా కూర్చుని చెయ్యి చాచారు. బసప్ప కళ్లు మెరిశాయి. తువ్వాలు కప్పాడు. కింద కాసేపు ఎలుకలు పోట్లాడుకున్నట్టు కదిలింది. ఇద్దరూ చెరో గోడనూ చూస్తున్నారు. చివరికి ఇద్దరూ తలలు ఊపారు.

"అయిపోయింది" అన్నారు వెంకోబరావుగారు.

"ఏమిటి సార్ అయిపోయింది?"

"పథ్యం. నేను మూడు వారాలన్నా, ఆయన ఒకటన్నాడు, రెండుకు తెగింది. నువ్వు పోయినసారి ఒకటికే ఒప్పుకున్నట్టు గదా?"

ఎప్పుడు ఒప్పుకున్నానా అని నేను నా మూడు వేళ్లనూ తిప్పి చూసుకున్నాను.

"మండీలో బేరం ఎట్ల జరుగుతాదో ఎప్పుడన్నా చూసినావా?"

"లేదండీ."

"నీ దవాఖానాకు మండీ ఎంత దూరం?"

"ఎదురుగానేనండీ."

విషయం ఇదీ. పదిమంది నడుమ ధర పైకి చెబితే పక్కవాడు పోటీకి వస్తాడు. అందుకని గుడ్డ కప్పి, కింద వేళ్లు పట్టుకుని, నొక్కి, మడిచి బేరమాడతారు. మూడు వేళ్లు ఆనిస్తే మూడు, ఒకటి పట్టుకుంటే ఒకటి, చెయ్యి పిండితే ఖాయం. వరండాలో అంతమంది వింటూ ఉండగా పథ్యం గురించి డాక్టరును బతిమాలడం పరువు తక్కువని, బసప్ప మర్యాదగా తువ్వాలు కప్పాడు. నేను ఆ మర్యాదకు లాటిన్ పేరు వెతికాను. ఏం చేస్తున్నావని రోగినే అడగవచ్చునన్న మాట ఆ లావుపాటి పుస్తకంలో ఎక్కడా లేదు. ఉన్నా నేను ఆ పేజీ తిప్పి ఉండను. అది మరీ ముందు పేజీల్లో ఉండే విషయం.

"ఇప్పుడు నేను యాడ మొగం పెట్టుకోవల్ల?" అన్నాడు బసప్ప. గొంతులో కోపం పోయి బెంగ వచ్చింది. "ఏళ్లు వాటికవే ఆడతాయని నువ్వు సెప్తివంట. 'బసప్ప నొక్కింది రేటా, రోగమా?' అని మండీ అంతా నవ్వుతాండారు. చెయ్యి నమ్మకపోతే దళారికి ఇంకేముంటాదప్పా?"

వెంకోబరావుగారు లేచారు. "నోటితో చెడగొట్టినావు, పోయి నోటితోనే బాగుచెయ్యి. పద." తాను వేరుశనక్కాయలు కొనుక్కుని తమాషా చూడడానికి వెంట వచ్చారు.

మండీ మధ్య పత్తి కుక్కిన పెద్ద గోనె బోరం మీదికెక్కి, "బసప్పకు ఏ జబ్బూ లేదు. పొరపాటు నాది" అని ప్రకటించాను. చప్పట్లు ఆశించలేదు గాని, ఆ నవ్వు కూడా ఆశించలేదు.

"నిన్న ఉండాదన్నె, ఈ పొద్దు లేదంటాండాడు. యా పొద్దు మాట నమ్మాలప్పా?" అన్నాడొకడు.

పత్తిలోంచి గింజలు తీసే జిన్నింగు ఫ్యాక్టరీ తరఫున సరుకు కొనే నారాయణసెట్టి ముందుకు వచ్చాడు. మండీలో గట్టి పిండం అని పేరు. "డాక్టరప్పా, రేటుకూ రోగానికీ తేడా నీకు తెలిసిందా? తెలిస్తే నాతో ఒక బేరం జెయ్యి, సూస్తాం. ఇదో, కౌతాళం నుంచి వచ్చిన ఆయప్ప పత్తిబండి, ఆయప్ప తరఫున అడుగు."

"అయ్యో సామీ, పరీచ్చలకు నా పత్తే దొరికిందా!" అన్నాడు కౌతాళం రైతు.

బసప్ప నా చెవిలో గొణిగాడు. "నిన్నటి రేటు మీద ఒక రూపాయి ఎక్కువిస్తే సాలు. రెండిస్తే ఆ రైతు అదురుష్టం. మూడు మాత్రం అడగొద్దు, నగుతారు."

సెట్టి తువ్వాలు కప్పాడు. నేను చెయ్యి పెట్టాను. ఆ చీకట్లో చెయ్యి పెట్టగానే బసప్ప చెప్పినదంతా మరిచిపోయాను. నా చెయ్యికి తెలిసింది ఒక్కటే విద్య. అది పోయి సెట్టి మణికట్టు వెతుక్కుని మూడు వేళ్లు ఆనించి కూర్చుంది. రెండో చెయ్యి, నన్ను అడక్కుండానే, జేబులోంచి గడియారం తీసింది.

సెట్టి ఒక వేలు మడిచాడు. నేను ఆనించాను. రెండు మడిచాడు. రెండూ ఆనించాను. నాడి పరుగెత్తుతోంది. నాకు నిజంగా ఆందోళన కలిగి, గడియారం చూస్తూ తల అడ్డంగా ఆడించి, "చ్చొచ్చొ" అన్నాను.

"ఏమప్పా?" అన్నాడు సెట్టి.

"మాట్లాడకండి."

మండీ అంతా మా చుట్టూ మూగింది. నేను ఇంకా గట్టిగా అదిమాను. నాడి ఇంకా వేగం అందుకుంది.

"ఏదీ, నాలుక."

సెట్టి, మండీలో గట్టి పిండం, అంతమంది ఎదుట నాలుక చాపాడు. నేను వంగి చూసి నిట్టూర్చాను.

"ఏమన్నా ఉండాదా డాక్టరప్పా?" గొంతు పీలగా వచ్చింది.

"ఉంది."

"సరే, మూడు! మూడిస్తా! ఇడిసిపెట్టప్పా నా చెయ్యి!"

పత్తి ధర ఎక్కుతూ ఉంటే కొనేవాడి నాడి ఎలా ఎక్కుతుందో ఆ రోజు స్వయంగా కనిపెట్టాను. అపూర్వమైన కేసే గాని, వేసుకునే పత్రిక దొరకలేదు. కౌతాళం రైతు నా కాళ్ల మీద పడబోయాడు. సెట్టి చెయ్యి తడుముకుంటూ నాలుగు అడుగులు వెనక్కి వేసి, మండీ దద్దరిల్లేలా అరిచాడు.

"ఈయప్పకు జన్మలో చెయ్యియ్యను! రేటూ తగ్గడు, రోగం ఉండాదంటాడు! బసప్పా, యాడున్నావు? నీ ఏళ్లు ఎట్లన్నా ఆడనీ, నువ్వే మేలు. రా, పెట్టు చెయ్యి!"

ఆ ఒక్క కేకతో పది తువ్వాళ్లు బసప్ప వైపు లేచాయి. రోగం ఉన్న బసప్పే రోగం లేని నాకంటే క్షేమమని మండీ తీర్మానించింది. నేను బోరం దిగి, వెంకోబరావుగారి ముందు, బసప్ప ముందు, మిగిలిన వేరుశనక్కాయల సాక్షిగా కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను. ఏ మనిషి చెయ్యీ, ఆ చెయ్యి ఏం చేస్తుందో అతన్నే అడిగి తెలుసుకోకుండా, ఈ జన్మలో పట్టుకోనని.

బసప్ప తువ్వాలు కింద బేరం ఆపకుండానే నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆ చెయ్యి ఈడైతే బాగా పనికొస్తాది. వైద్యం ఇడిసిపెట్టి దళారీకి వచ్చేయప్పా. ఊర్లో సావులన్నా తగ్గుతాయి."