నాలుగో రోజు లెక్క

ఆ రోజుల్లో గోదావరిఖనిలో డిగ్రీ చదివేవాడంటే క్వార్టర్ల వరస మొత్తానికీ సర్వజ్ఞుడే. ఆ పదవిలో నేను ఒక్క వేసవి సెలవు మాత్రమే వెలిగాను.

మా కాకది బొగ్గుబాయిలో పైకప్పుకు దుంగలు ఆన్చే పని. ఒకచోట కప్పు కుంగుతోందని అనుమానం వచ్చి, రోజూ కర్రతో కొలిచి బీడీకట్ట కాగితం మీద గీతలు పెట్టుకొచ్చేవాడు. కొలత మొదలుపెట్టిన రోజును సున్నా అనుకుంటే, తరవాతి మూడు రోజులకు మొత్తం ఏడు, ఎనిమిది, తొమ్మిది నూళ్లు దిగింది (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు). "రేపు ఆడికి పోవుడా, మానుడా? చదువుకున్నోనివి, నువ్వే చెప్పు బిడ్డా" అన్నాడు. ఇంతకన్నా ఏం కావాలి నాకు! నాలుగు కొలతలకూ సరిపోయే బహుపది కట్టాను: x³ − 6x² + 12x. అవకలజం, అంటే కప్పు దిగే వేగం, తీస్తే 3(x − 2)². x రెండైతే సున్నా. అదే క్రిటికల్ పాయింటు, అదే గరిష్ఠం, కప్పు ఇక దిగదని తీర్పు చెప్పేశాను.

"రెండో దినమే ఆగితే మూడో దినం ఇంకో నూలు ఎట్ల దిగిందిరా?"

"నీ కొలత తప్పు కాకా" అన్నాను. (ఆ సున్నాకు రెండు పక్కలా అవకలజం ధనమే, అంటే కప్పు కాస్త ఆగి మళ్లీ దిగుతుందని చూసే ఓపిక సర్వజ్ఞుడికెక్కడిది?)

మరునాడు పొద్దుటి షిఫ్టులో "మా పిలగాడు లెక్క గట్టిండు, ఫికర్ లేదు" అంటూ కాక ఇద్దరిని వెంటబెట్టుకుని అక్కడికే పోయాడు. అలవాటు కొద్దీ కర్రతో కప్పును తట్టాడట. డొల్ల చప్పుడు, అంటే పైన బండ విడిపోయిందన్నమాట. ఇద్దరినీ బయటికి నెట్టి తనూ దూకాడు గానీ, ఎడమ పాదం బండ కింద ఉండిపోయింది.

దవాఖానలో కాక మంచం పక్కన కూర్చుని, అదే బహుపదిలో x దగ్గర నాలుగు పెట్టి చూశాను. పదహారు! ఒక్క రోజులోనే ఏడు నూళ్లు! నాలుగో రోజు గతి నా కాగితంలోనే ఉంది. నేనే అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"లెక్క మంచిదే కాకా, నేనే సగం చదివిన" అని ఏడ్చాను.

"సగం చదివినోడు చెప్తే పూరా ఇన్నోన్ని నేను. ఊకో. చాయ్ తాగినవా?"

తరవాత చాలా ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. అవకలజం సున్నా వచ్చినప్పుడల్లా "రెండు పక్కలా తట్టి చూడండిరా" అనేవాణ్ని. పిల్లలు నాకు 'తట్టుడు సారు' అని పేరు పెట్టారు. మొన్న చేతికర్రతో ఇంటి స్లాబును తడుతుంటే మనవరాలు పట్టేసింది.

"గదేంది తాతా?"

"ఏం లేదు బిడ్డా, పాత లెక్క సరిచూస్తున్న."

పిల్ల పకపకా నవ్వింది. చప్పుడు గట్టిగానే వచ్చింది కనక నేనూ నవ్వాను.