ధర్మకాటా మీది నిమ్మకాయ

మొన్న వికారాబాదులో మా తమ్ముడి ఇంట్లో కూర్చుని ఉండగా, మేనకోడలు తన లాప్‌టాప్ నా ముందుకు జరిపి, నడుస్తున్న ప్రోగ్రాం లోపల ఏ అడుగు తర్వాత ఏ అడుగు పడుతున్నదో బయటి నుంచే చూపించింది. "మనం చూస్తున్నమని దానికి ఎరుకనే కాదత్తా, జరంత కూడ ఆగదు" అన్నది. సంతోషించవలసిన మాటే. కానీ నాకు తాండూరు ధర్మకాటా గుర్తొచ్చి, చేతిలోని చాయ్ పక్కన పెట్టి ఆ కథ ఆమెకు చెప్పాను.

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్లిన రోజులు మన తరం వాళ్లు మరిచిపోయి ఉండరు. ఆ రోజుల్లో నేను పొద్దున రైలెక్కి తాండూరు వెళ్లి, నాపరాళ్ల లారీలు తూచే కాటాకు ప్రోగ్రాం రాశాను. లారీ కాటా ఎక్కగానే బరువు తీగ గుండా కంప్యూటరుకు వస్తుంది, మీట నొక్కితే చీటీ అచ్చవుతుంది. ఆ మీట నొక్కేది యాలాల్ నుంచి సైకిలు మీద వచ్చే ఒక పెద్దాయన. డ్రైవర్లందరికీ ఆయన చాచా, ఆయనకు నేను బేటీని. ఎప్పుడో ఒకసారి, ఎందుకో తెలియకుండా, ముందు లారీ బరువే వెనక లారీ చీటీ మీద పడేది. చాచాయే డబ్బు తిని కావాలని చేస్తున్నాడని డ్రైవర్లు అనసాగారు. ఆయన పనీ, తల నెరిసేదాకా నిలుపుకున్న పేరూ ప్రమాదంలో పడ్డాయి.

మా నాన్న వెంట సంస్కరణ సభలకు వెళ్లి, దయ్యాల మీద, జాతకాల మీద పెద్దవాళ్లతో వాదించి పెరిగిన నాకు రుజువు లేని నింద అంటే మంట. ప్రోగ్రాం వేసే ప్రతి అడుగునూ రాసిపెట్టే ఏర్పాటు చేశాను. ఆ రాతవల్ల చీటీ ఆలస్యమై లారీలు రోడ్డు మీద బారులు తీరేవి. సాయంత్రానికి డిస్కు నిండిపోయేది. నేను రాత మొదలుపెట్టిన పొద్దుననే కాటా యజమాని సేటు కంప్యూటరుకు మిరపకాయలు గుచ్చిన నిమ్మకాయ కట్టాడు.

తప్పు మాయమైంది. రాతకు పట్టే ఆ కాస్త ఆలస్యంలో కొత్త బరువు తీగ దాటి వచ్చేస్తున్నదని, అందుకే పాతది అచ్చవడం లేదని నా ఊహ. చూడటానికి పెట్టిన ఏర్పాటే చూడవలసినదాన్ని దాచేస్తున్నదన్నమాట. ఊహను నమ్మి ప్రోగ్రాంకు అతుకు వేయడం నాకు నామోషీ. సేటు మాత్రం వచ్చిన ప్రతి డ్రైవరుకూ నిమ్మకాయ చూపించేవాడు. "మేడమ్ సదువు చెయ్యంది రెండు మిరపకాయలు జేసినయ్."

చాచా నన్ను బతిమాలాడు. "ఉండనీ బేటీ. లారీలు జర ఆగుతయ్, గంతే గద. ఆగినోడు నన్ను దొంగ అంటలేడు."

నేను వినలేదు. రోగాన్ని దాచడం వైద్యం కాదని ఆయనకే ఉపన్యాసమిచ్చి, రాతను ఆపేసి, నిమ్మకాయను అలాగే ఉంచాను. తప్పు తిరిగి వచ్చి నిమ్మకాయ పరువు తీయాలని నా పట్టుదల. నాలుగో రోజున ఖాళీ లారీకి నిండు లారీ బరువు పడింది. వాదనలో నేనే గెలిచాను. సేటు నిమ్మకాయను తెంపి బయటికి విసిరేసి, తాపీగా అన్నాడు: "దిష్టి లేదు గిష్టి లేదని మీరే రుజువు జేసిన్రు. ఇగ మిగిలింది మనిషే గద మేడమ్."

రాత ఉన్నన్నాళ్లు తప్పు పడలేదు కదా అన్నాను. కనిపెట్టి చూస్తుంటే ఏ దొంగైనా బుద్ధిగానే ఉంటాడన్నాడు. అదీ తర్కమే. తప్పు పడకపోతే చాచా భయపడ్డట్టు, పడితే చాచా చేసినట్టు.

తప్పు ప్రోగ్రాందేనని చూపించడానికి సేటు వారం గడువిచ్చాడు. ఆలస్యం తగ్గేలా రాతను డిస్కు మీద కాక కంప్యూటరు మెమరీలోనే, కొత్తది వచ్చేకొద్దీ పాతది చెరిగిపోయేలా పెట్టాను. తప్పు ఒకసారి పడింది కూడా. కానీ డ్రైవరు దారిలో చీటీ చూసుకుని తిరిగి వచ్చేలోగా ఎన్నో లారీలు కాటా ఎక్కి దిగాయి, నాకు కావలసిన అడుగులన్నీ చెరిగిపోయాయి. రాతకు చోటు పెంచితే ఆ చిన్న యంత్రం మధ్యలోనే నిలిచిపోయేది. వారం అయిపోయింది. చాచా కళ్లద్దాల డబ్బా, చాయ్ గ్లాసు సంచిలో వేసుకుంటూ కోపం లేకుండా అడిగాడు: "నిమ్మకాయ మీద నీకెందుకు బేటీ గంత పంతం? గదున్నన్ని దినాలు నేను దొంగను కాకపోతి."

ఇదంతా విని, ఆ ప్రోగ్రాం ఇంకా ఉంటే అరగంటలో తప్పు పట్టేస్తానని మేనకోడలు అన్నది. పట్టేస్తుంది, సందేహం లేదు. ఇప్పుడు చూపుకు ఆలస్యమూ లేదు, చోటుకు కొదవా లేదు. కానీ ప్రోగ్రాం లేదు, ఆ యంత్రం తుక్కులోకి పోయింది, చాచా దొంగ పేరుతోనే పోయాడు.

నిన్న తాండూరు వెళ్లి చూశాను. కాటా కొత్తది, తెర కొత్తది, తెర అంచున నిమ్మకాయ తాజాది. నేను ఇప్పటికీ నిమ్మకాయను నమ్మను. ఒకప్పుడైతే అక్కడికక్కడే వాదనకు దిగేదాన్ని. మీట దగ్గర కూర్చున్న మనిషి ఏం కావాలన్నట్టు తలెత్తి చూస్తే, ఏమీ లేదని చెప్పి వచ్చేశాను.